పద్నాలుగో పేజీ

న్యూకాసిల్, గ్రెయింజర్ మార్కెట్.
మాంసం కొట్టుకీ గుండీలమ్మే కొట్టుకీ నడుమ
నోరీన్ పాత కామిక్స్ దుకాణం.
గురువారాలు నా పని ఒకటే:
ఎవరో చదివి, విసిగి, లేదా చనిపోయి వదిలేసినవాటిని
పేజీ పేజీ తిప్పి వెలకట్టడం.
మూల మడిస్తే ఇరవై పెన్నీలు తగ్గు,
టీ మరకకి యాభై.

ఎక్కువ చేతులు మారేది 'హెరాన్'.
హెరాన్ అంటే కొంగ.
కొంగజపం కొంగ కాదు, నిజంగానే మంచివాడు,
రాత్రంతా ఒంటికాలి మీద ఊరిని కాస్తాడు.
అతని పేజీలు బ్యాంకు నుంచి అప్పుడే తెచ్చిన నోట్లు.
నలిగేవి టోల్‌మాన్ పేజీలు.
వెన్న అక్కడే, సిగరెట్ నుసి అక్కడే,
బొటనవేలి జిడ్డు అక్కడే.
పుస్తకాన్ని బల్లమీద ఊరికే వదిలితే
దానంతటదే వాడి దగ్గర తెరుచుకుంటుంది.

టోల్‌మాన్ ఎవర్నీ కొట్టడు.
వంతెన చివర టోపీ కిందికి లాక్కుని నిలబడతాడు.
'నీవాళ్లలో ఒకరి పేరు చెప్పి దాటిపో.'
అంతే అంటాడు.
ముప్పై ఒక్క సంచికల్లో
వెనక్కి తిరిగినవాడు ఒక్కడూ లేడు.

మెట్రోలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన డెరెక్ హెస్లప్
నిలబడే చదివేస్తాడు, నవ్వకూడని చోట నవ్వుతాడు.
'ముప్పయ్యేళ్లు అడిగానమ్మా,
నాకెవడూ ఇంత బుద్ధిగా ఇచ్చి చావలేదు.'

రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సు ఫెనెల్లా
వాడి మీద ఈగ వాలనివ్వదు.
'పాపం, వాడు అడుగుతాడు కదా.
మా వార్డులో అడగకుండానే పట్టుకుపోతుంది.'

ఒక సంచిక అంచున పెన్సిల్‌తో: వీడన్నది నిజమే.
దాని కింద వేరే చేతిరాత, నీలం సిరా: అయితే మాత్రం?
ఇంకా కింద, మరెవరిదో, పాల లెక్క.

మా తాతయ్య నాటకాల్లో హార్మోనిస్టు.
గద భుజానేసుకుని తొడ చరిచేవాడు తెరలోంచి రాగానే
శ్రుతి అరమెట్టు పెంచేవాడట.
వన్స్‌మోర్లన్నీ వాడికే.
ధర్మం మాట్లాడేవాడి పద్యానికి
జనం బీడీలు ముట్టించుకోడానికి లేచేవాళ్లు.
అయినా ఆ ఊళ్లో ఒక్క పిల్లాడికీ
ఆ గదవాడి పేరు పెట్టలేదు.
ఎందుకని తాతయ్యని అడగాల్సింది.

ఇవాళ అట్టపెట్టె అడుగున తొమ్మిదో సంచిక.
పద్నాలుగో పేజీలో టోల్‌మాన్ లేడు.
గోళ్ల కత్తెరతో, టోపీ అంచు వంపు కూడా చెడకుండా
కత్తిరించుకుపోయారు.
గోడకి అంటించుకోడానికో, పొయ్యిలో వేయడానికో.
ప్రేమకీ కసికీ కత్తెర ఒకేలా తెగుతుంది.

పేజీ వెనక్కి తిప్పాను, పదమూడు.
హెరాన్ వరదలోంచి ఒక పిల్లని ఎత్తుకొస్తున్నాడు.
సరిగ్గా ఆ టోపీ, ఆ కోటు ఆకారంలో
అతని గుండె లేదు,
పిల్లకి నడుం నుంచి కింద లేదు.

ఎత్తి పట్టుకుని ఆ కంతలోంచి చూశాను.
డెరెక్ ఆ కోటు తొడుక్కుని చిల్లర లెక్కపెడుతున్నాడు.
నోరీన్‌కి టోపీ కాస్త వదులు.
ఎదురు కొట్టు అద్దంలో ఎవరో
పేజీ ఎత్తి పట్టుకుని నన్నే చూస్తున్నారు,
ఆవిడకి కుట్టించినట్టు సరిపోయింది.

'చెత్తలో పడెయ్' అంది నోరీన్.
సంచిలో వేసుకున్నాను. పది పెన్నీలు పెట్టాను.

సాయంత్రం టైన్ వంతెన మీద
తమ పేరు తామే అరుచుకునే కిట్టివేక్ పిట్టలు.
చివర ఎవరూ లేరు, టోపీ లేదు,
సైకిల్ మీద పిజ్జాలవాడు తప్ప.
ఎవరూ ఏమీ అడగలేదు.

అయినా నాలుక కొసన ఒక పేరు
అప్పటికే సిద్ధంగా ఉంది.

గేట్స్‌హెడ్ చేరేదాకా
పెదాలు విప్పలేదు.